ఎడమచేతికి గాజులు లేవు

మణికట్టు దగ్గర ఫిస్టులా ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తూ ఆసుపత్రివాళ్ళు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. పైన పెద్దక్షరాలతో 'స్వీయ సంరక్షణ' అని ఉంది. కింద పద్నాలుగు సూచనలు. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి నా చూపు ముందు భాషమీదికే పోయింది. పద్నాలుగు వాక్యాల్లో ఒక్కదానికీ కర్త లేదు. బరువులు ఎత్తరాదు. ఉప్పు తగ్గించవలెను. నీరు కొలిచి తాగవలెను. కూరగాయలు ఉడికించి నీరు వంపేయవలెను. ఎవరు ఎత్తరాదు? ఆ బరువు మరి ఎవరెత్తాలి? నీళ్ళు ఎవరు వంపెయ్యాలి? రాసినవాళ్ళ మనసులో ఒక రోగి ఉన్నాడు, ఆ రోగి వెనకాల వంటింట్లో ఒక ఇల్లాలు ఉంది. రోగీ ఇల్లాలూ ఒకరే అయిన ఇంట్లో ఆ కాగితాన్ని ఎలా చదువుకోవాలో అందులో లేదు.

నాకు డయాలిసిస్ మొదలై ఇది నాలుగో ఏడు. పదిహేనేళ్ళ షుగరు, దాని వెంట బీపీ, ఆ రెండూ కలిసి చేసిన పని. మంగళ, గురు, శనివారాలు, పూటకి నాలుగు గంటలు. పద్మారావునగర్‌లో మా ఇంటి నుంచి డయాలిసిస్ కేంద్రానికి ఆటోలో పావుగంట. నాకు పెన్షన్ వస్తుంది, వైద్యం కార్డు ఉంది, లిఫ్టు ఉన్న ఇల్లుంది. ఈ మూడూ ముందే చెప్పెయ్యడం ఎందుకంటే, ఇవి లేనివాళ్ళ మధ్యనే నేను వారానికి పన్నెండు గంటలు పడుకుంటున్నాను. ఇక్కడ రాస్తున్న దాంట్లో సగం వాళ్ళ దగ్గర తెలుసుకున్నదే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఫిస్టులా అంటే చేతిలో ఒక ధమనినీ ఒక సిరనీ కలిపి కుట్టడం. ధమనిలో రక్తం వడి సిరలోకి వచ్చి, కొన్ని వారాలకి ఆ సిర తాడులా లావెక్కుతుంది. 1966లో న్యూయార్కులో బ్రెషియా, సిమినో, వాళ్ళ తోటి డాక్టర్లు లోకానికి చెప్పిన పద్ధతి. ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇదే అంటారు. లావెక్కిన ఆ సిరలోకి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి పోతుంది, శుభ్రపడి రెండోదాంట్లోంచి లోపలికొస్తుంది. నిమిషానికి పావు లీటరు లెక్కన నాలుగు గంటల్లో 60 లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న నాలుగైదు లీటర్లే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయన్న మాట. ఫిల్టరుకి అవతలి పక్కన శుద్ధి చేసిన నీళ్ళతో కలిపిన ద్రవం నిమిషానికి అర లీటరు చొప్పున పారుతుంది. మొత్తం 120 లీటర్లు. నా ఒక్కదాని కోసం నాలుగు గంటల్లో 120 లీటర్లు పారిపోతుంటే చూస్తూ పడుకుంటాను. తాగడానికి నాకు రోజుకి ముప్పావు లీటరు, మందులకీ మజ్జిగకీ కలిపి.

పొద్దున్నే లేవగానే కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టి చూసుకుంటాను. లోపల పిల్లి గురగురలాడినట్టు ఉంటుంది. ఉంటే బాగున్నట్టు. ఆగిపోతే ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తియ్యనివ్వకూడదు, తలకింద పెట్టుకుని పడుకోకూడదు, బరువు మొయ్యకూడదు, బిగుతుగా ఏదీ వేసుకోకూడదు. బిగుతుగా అంటే వాచీ, రవిక చేతులు, గాజులు.

గాజులు తీసిన నాలుగో రోజు మా పెద్దత్తయ్య చూడ్డానికొచ్చింది. ఎనభై దాటిన మనిషి. నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కిడ్నీలు పోయినందుక్కాదు. "ఒక్కటైనా ఉంచుకోవే తల్లీ, వదులుగా. బోసిచెయ్యి చూళ్ళేకపోతున్నా. ఐదోతనం..." అంది. నా ఐదోతనం అక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటోంది, తలెత్తలేదు. నవ్వొచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే నవ్వు నిలవలేదు. ఆ పైనెల ఒక పెళ్ళిలో బొట్టు పెడుతున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి, ఎడమచెయ్యి చూసి, ఒక్క క్షణం ఆగి, నా మెళ్ళోకి చూసి, అప్పుడు పెట్టింది. అంతే, ఒక్క క్షణం. ఆ క్షణంలో నేనెవరినో తేల్చడానికి నా మొగుడు బతికున్నాడా లేడా అన్నది చూసుకోవాల్సొచ్చింది ఆ పిల్లకి. ఆడ్రి లార్డ్ 1980లో వచ్చిన 'ది కాన్సర్ జర్నల్స్'లో, రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా తిరిగినందుకు డాక్టరుగారి ఆఫీసులో నర్సు ఏమందో రాసింది. నువ్విలా వస్తే మిగతావాళ్ళ ధైర్యం చెడుతుందని. క్లాసులో ఆ పుస్తకం గురించి చెప్పినప్పుడు నాకది అమెరికా సంగతి. ఇప్పుడు గాజుల సైజులో నా మణికట్టు దగ్గరికొచ్చింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి ఫుల్‌హాండ్స్ రవిక వేసుకెళ్ళమని కోడలు సలహా ఇచ్చింది. వేసుకోను. అది బిగుతు.

ఈ గాజుల కథ మా డయాలిసిస్ కేంద్రంలో చెప్పుకున్నప్పుడు పక్క మంచం ఆమె ఒక్క మాటతో తీసిపారేసింది. అడ్డగుట్టలో ఉంటుంది. నాలుగిళ్ళలో పనిచేస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు.

"గాజులు పోతె పోనియ్యి మేడం, బిందె ముచ్చట జెప్పు. మా బస్తీల నల్లా దినం ఇడ్సి దినం వస్తది. ఎడమచేత్తోని నడుంకు ఎత్తుకునుడే అలవాటు. కుడిచేత్తోని ఎత్తుకుంటె మెట్లమీద పడిపోతున్న."

ఫిస్టులా ఏ చేతికి పెట్టాలో డాక్టర్లు ఒక్క ప్రశ్న అడిగి తేలుస్తారు, ఏ చేత్తో రాస్తారు అని. ఏ చేత్తో బిందె ఎత్తుకుంటారు అని అడిగిన డాక్టరు నాకింకా తారసపడలేదు. ఆమెకి మొదటి ఫిస్టులా ఏడాది తిరక్కుండానే మూసుకుపోయింది. రెండోది మోచేతి దగ్గర పెట్టి, అది పక్వానికొచ్చేదాకా మెడలో గొట్టంతో తిరిగింది. ఆ గొట్టం కనపడకుండా కొంగు చుట్టుకుని రెండిళ్ళలో గిన్నెలు తోమింది, 'చెయ్యి నొప్పి' అని మాత్రం చెప్పి. కిడ్నీ అంటే పనిలోంచి తీసేస్తారని భయం. "జబ్బు అంటుకుంటదనుకుంటరు మేడం సదువుకున్నోళ్ళు గూడ" అంది. నేను ఆమె మెడకేసి చూశాను, పట్టీ అంచు నల్లబడి ఉంది. తడి తగలకూడదని కాగితంలో ఎనిమిదో సూచన.

సరే, వంటింటికి వద్దాం. ఉప్పు తగ్గించమంటే తగ్గించొచ్చు, నోరు మెల్లగా అలవాటు పడుతుంది. అసలు చిక్కు పొటాషియంతో. రక్తంలో అది పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అరటిపండు, కొబ్బరినీళ్ళు, టమోటా, బంగాళదుంప, ఆకుకూరలు, అంటే ఒంట్లో బాగోలేనివాళ్ళకి చుట్టాలు తెచ్చిపెట్టేవన్నీ ప్రమాదమే. కూరగాయలు చిన్నముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళూ వంపేసి, అప్పుడు పోపు వేసుకోవాలి. మా అమ్మమ్మ గంజి వార్చినట్టే. కుక్కరు వచ్చాక మనం వార్చడం మానేశాం, ఇప్పుడు నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. బజారులో 'సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పు బీపీకి మంచిదని బంధువులు కొనిస్తారు. అందులో సోడియం తగ్గించి పెట్టేది పొటాషియమే. డయాలిసిస్ రోగి ఇంట్లోకి ఆ ప్యాకెట్టు రాకూడదు.

డయాలిసిస్ మొదలవకముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. మిషనుమీద ప్రతిసారీ కొంత పోతుంది మరి. గుడ్డులో తెల్లసొన అన్నిటికన్నా మేలు. గుడ్డు గడప దాటని ఇల్లు మాది. నా గుడ్డు లోపలికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చాక దానికో విడి గిన్నె, విడి గరిటె, బాల్కనీలో విడి స్టవ్వు. మావారు చెడ్డమనిషి కాదు. "మందులాగా అనుకో" అన్నారు. మందయితే హాల్లో కూర్చుని వేసుకుంటాను, బాల్కనీలో ఎందుకు? అడ్డగుట్ట ఆమె ఇంట్లో గుడ్డుకి అభ్యంతరమే లేదు. కానీ ముగ్గురు పిల్లలు. రెండు గుడ్లుంటే ఆమెదాకా రావు. తెల్లసొన తల్లికీ పచ్చసొన పిల్లలకీ అని సిస్టర్ నేర్పింది, లెక్క బాగానే ఉంది. వారం రోజులు నడిచిందట.

మా పూట పదకొండు మంచాలు. ఏడుగురు మగవాళ్ళు, నలుగురం ఆడవాళ్ళం. ఏడుగురు మగవాళ్ళకీ భార్యలో తల్లులో తోడు వస్తారు. వాళ్ళ చేతుల్లో డబ్బాలు, ఉప్పు లేనిది, నీళ్ళు వంపేసింది, ముక్కలు సమానంగా కోసింది. భర్త బరువు ఎంత పెరిగిందో భార్యలు చీటీ చూడకుండా చెప్తారు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది, అబద్ధం చెప్పను. మా నలుగురిలో ఇద్దరం ఒంటరిగా వస్తాం. మూడో ఆమెతో కూతురు, చదువు మానిపించిన కూతురు. నాలుగో ఆమె రైల్వే ఉద్యోగి భార్య. ఆయన దించేసి, నాలుగు గంటల తర్వాత వచ్చి బయట హారన్ కొడతాడు. మిషను దిగాక బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, గోడ పట్టుకుని నడిచొస్తుంటే ఆ హారన్ వినపడుతూనే ఉంటుంది.

2007లో ఆరోగ్యశ్రీ రాకపోతే మాలో సగంమంది ఇక్కడ ఉండేవాళ్ళమే కాదు. ఆ సంగతి మర్చిపోయి మాట్లాడ్డం అన్యాయం. అంతకుముందు ఇళ్ళమ్మి ఆర్నెల్లు చేయించుకుని ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. ఎవరికి చేయించాలి, ఎవరికి ఆపాలి అన్న లెక్క వచ్చినప్పుడు ముందు ఎవరికి ఆగేదో వేరే చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టులో తెలంగాణలో డయాలిసిస్ రోగులకి ఆసరా పెన్షన్ కింద నెలకి 2,016 రూపాయలు ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో, ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీలు పోయి కూర్చున్నాక, 2019 నుంచి 10,000 ఇస్తున్నారు. 2023 డిసెంబరులో ఇక్కడ ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది. ఆ పథకంమీద ఎన్ని జోకులు వేశారో మనకి తెలుసు. మా అడ్డగుట్ట ఆమె అంతకుముందు నెలకి రెండు మూడుసార్లు ఆటో డబ్బుల్లేక డయాలిసిస్ ఎగ్గొట్టేది. ఇప్పుడు ఎగ్గొట్టట్లేదు. బస్సులో నిలబడి వెళ్తుంది, దిగేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, అయినా వెళ్తుంది.

క్రితం ఏడాది నర్సింగు చదువుకుంటున్న ఒక అమ్మాయి మా జీవన నాణ్యత కొలవడానికి వచ్చింది. కిడ్నీ రోగుల కోసం అమెరికాలో తయారైన ప్రశ్నావళి అది, ప్రపంచమంతా వాడతారు. ప్రశ్నలు చెడ్డవి కావు. మెట్లు ఎక్కగలరా, నీళ్ళు తగ్గించుకోవడం ఎంత ఇబ్బందిగా ఉంది, ప్రయాణాలు చెయ్యగలుగుతున్నారా. ఒకచోట మాత్రం టేబులు జరపడం, వాక్యూమ్ క్లీనరు తొయ్యడం, గోల్ఫు ఆడటం లాంటి ఓ మాదిరి పనులకి మీ ఆరోగ్యం అడ్డమొస్తోందా అని ఉంది. గోల్ఫంటే ఏందని అడ్డగుట్ట ఆమె అడిగింది. కంటోన్మెంటులో మిలటరీ ఆఫీసర్లు ఆడే ఆట అని చెప్పాను. "మస్తు అడ్డమొస్తుందని రాసుకో బిడ్డా" అని పడీపడీ నవ్వింది. మిషను అలారం మోగేదాకా నవ్వింది.

ఇంట్లోవాళ్ళకి నేను భారమైపోయాననిపిస్తోందా అని ఇంకో ప్రశ్న. రైల్వే ఆయన భార్య ప్రశ్న పూర్తికాకుండానే "అవును, పూర్తిగా" అంది. అడ్డగుట్ట ఆమె ఆలోచించింది. "నేను బారమెట్లయిత? ఇంటి కిరాయి నేనే గడ్తున్న గద" అంది. ఇద్దరిలో ఒళ్ళు ఎక్కువ పాడైంది ఆమెకే. ప్రశ్నావళి మార్కుల లెక్కలో ఆమె జీవన నాణ్యత మెరుగ్గా వచ్చి ఉంటుంది. ఇంటిపని చేసుకోలేకపోతున్నందుకు ఎంత ఇబ్బందిపడుతున్నారు అని కూడా ఉంది అందులో. మీరు చెయ్యకపోతే ఎవరు చేస్తున్నారు అని లేదు. చెయ్యలేకపోయినా చెయ్యాల్సొస్తోందా అని అంతకన్నా లేదు.

లైంగిక జీవితం గురించిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఆడవాళ్ళ దగ్గర పేజీ తిప్పేసింది. ఆమె తప్పేం లేదు, ఇరవై రెండేళ్ళ పిల్ల. కానీ ఆమె వెళ్ళాక మూడో మంచం ఆమె, ఆమెకి ముప్ఫై నాలుగు, మెల్లగా నాతో అంది, "అడిగితే చెప్పేదాన్ని ఆంటీ. ఆయన నన్ను ముట్టుకోక రెండేళ్ళయింది. నా చెయ్యి చూస్తే భయమంటాడు." ఇంకోటి కూడా చెప్పింది. నెలసరి వచ్చిన రోజుల్లో డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల విపరీతంగా పోతోందని, మగ టెక్నీషియన్‌కి చెప్పలేక ఊరుకుంటున్నానని. హెపారిన్ తగ్గించొచ్చు, ఒక్కోసారి పూర్తిగా ఆపొచ్చు, ఒక్క మాట చెప్తే చాలు. ఆ ఒక్క మాట ఆ కాగితంలో పదిహేనో సూచనగా ఉండాల్సింది. ఇప్పుడు మేమొక గుర్తు పెట్టుకున్నాం. ఆ రోజు మంచం కడ్డీకి ఎర్ర రబ్బరు బ్యాండు తగిలిస్తే హెడ్‌సిస్టర్ చూసుకుంటుంది.

కృత్రిమ మూత్రపిండం చరిత్ర చదివితే మొట్టమొదట బతికి బయటపడింది ఒక ఆడమనిషే. డచ్చి డాక్టరు విలెమ్ కొల్ఫ్ 1943లో, జర్మన్ ఆక్రమణ కింద, సాసేజీలకి చుట్టే సెల్లోఫేను గొట్టాలతో మిషను తయారుచేశాడు. దానిమీద పెట్టిన మొదటివాళ్ళెవరూ కోలుకోలేదు. 1945లో సోఫియా షాఫ్‌స్టాట్ అనే 67 ఏళ్ళావిడ, నాజీలకి సహకరించిందని జైల్లో ఉన్న ఖైదీ, స్పృహ లేని స్థితి నుంచి లేచింది. లేచి మొదట అన్న మాట, నా మొగుడికి విడాకులిచ్చేస్తాను అనిట. ఇచ్చేసి ఇంకో ఏడేళ్ళు బతికిందట. ఆమె రాజకీయాలు మనకక్కర్లేదు కానీ, రక్తం శుభ్రపడగానే బుర్ర అంత స్పష్టంగా పనిచెయ్యడం నాకు నచ్చుతుంది.

తర్వాతి కథ అంత సరదాగా ఉండదు. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా గొట్టం అమర్చే పద్ధతి కనిపెట్టాక, డయాలిసిస్ ఏళ్ళతరబడి చెయ్యడం సాధ్యమైంది. మిషన్లు కొన్నే, రోగులు ఎక్కువ. ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురు మామూలు పౌరులతో ఒక కమిటీ వేశారు. ఏడుగురిలో ఒక్కతే ఆడమనిషి, గృహిణి. వయసు, ఆడా మగా, పెళ్ళయిందా, ఎంతమంది ఆధారపడి ఉన్నారు, సంపాదన ఎంత, ఇవన్నీ చూసి ఎవరు బతకాలో వాళ్ళు నిర్ణయించేవాళ్ళు. 1962లో షానా అలెగ్జాండర్ అనే పత్రికా రచయిత్రి 'లైఫ్' పత్రికలో ఆ సంగతి రాస్తే అమెరికా ఉలిక్కిపడింది. వైద్యనీతి అనే చదువుకి అది ఒక మొదలు అంటారు. ఆ కమిటీ ఎప్పుడో రద్దయింది. అలాంటి కమిటీ ఇంటింటికీ ఒకటి ఉందని చెప్పడానికి మాత్రం షానా అలెగ్జాండర్ అక్కర్లేదు. జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగితే, 29,000కి పైగా మగవాళ్ళకి, 6,945 ఆడవాళ్ళకి. బతికుండి అవయవం ఇచ్చినవాళ్ళలో అయిదింట నాలుగు వంతులు ఆడవాళ్ళు. మగవాళ్ళకి జబ్బులెక్కువ కదా అంటారు. కిడ్నీ జబ్బు ప్రపంచంలో ఆడవాళ్ళలో తక్కువేమీ కాదు. మిషను దాకా వచ్చేవాళ్ళే తక్కువ. 2025 ఆగస్టులో ఆ సంస్థే, ఎదురుచూసేవాళ్ళ జాబితాల్లో ఆడవాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకి రాసింది. ప్రభుత్వం నోట ఒప్పించడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మా ఇంటి కమిటీ సంగతీ చెప్పాలి. మార్పిడి మాట వచ్చినప్పుడు వరంగల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి "నేనిస్తానమ్మా" అంది. రెండోరోజుకి అది ఇంట్లో నిర్ణయమైపోయినట్టు మాట్లాడుతున్నారు. అన్నం తింటూ నేనే అడిగాను, అబ్బాయి పరీక్ష ఎందుకు చేయించుకోకూడదు, ఆయనకి షుగరు లేదు, ఆయనెందుకు కాకూడదు అని. నాకు ఎవరి కిడ్నీ కావాలనీ కాదు. ఒక్క పేరే వినపడుతోంది, మిగతా పేర్లు ఎందుకు వినపడట్లేదు అని. మావాడు కంచంలోకి చూశాడు. మావారు మంచినీళ్ళు తాగారు, నా ఎదురుగా, గ్లాసు నిండా. రాత్రి కోడలు వంటింట్లోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఆయన ఒక్కడి జీతం. పాపకి మూడేళ్ళు. నాకు భయంగా ఉంది" అంది. ఆమె భయం నిజం. మా అల్లుడి ఇంట్లో కూడా ఎవరో ఇలాగే భయపడుతూ ఉండాలి, కానీ ఆ భయాన్ని నా దాకా తెచ్చే హక్కు వాళ్ళకి ఉందని ఎవరూ అనుకోలేదు. నేను జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నాను. మన దగ్గర 2013 నుంచి నడుస్తోంది, చనిపోయినవాళ్ళ అవయవాలు వరసక్రమంలో ఇచ్చే పథకం. ఫారం నేనే నింపాను, సంతకం నేనే పెట్టాను. అమ్మాయికి కోపమొచ్చింది, త్యాగం చేస్తున్నావా అని అడిగింది. కాదు. నా కోసం ఇంకో ఆడపిల్ల ఒళ్ళు కోయించుకోవడం నాకిష్టం లేదు, అది నా ఇష్టం. ఆ రెంటికీ తేడా ఉందో లేదో అని మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

'సెల్ఫ్‌కేర్' అంటే ఇప్పుడు ఫేషియలూ, సువాసన కొవ్వొత్తులూ. ఆడ్రి లార్డ్ 1988లో ఆ మాటెత్తినప్పుడు కాలేయానికి పాకిన కాన్సర్‌తో ఉంది. తనని తాను చూసుకోవడం ఒక పోరాటం కిందే లెక్క అని ఆమె ఉద్దేశం. నేను ఆ మాటని తరగతిలో ఎన్నోసార్లు వాడాను. మంచంమీద పడుకున్నాక దాంట్లో నాకో ఖాళీ కనిపించింది. ఒక్కదాన్నే చేసుకోగలిగింది చాలా తక్కువ. వేళ్ళతో గురగుర చూసుకోవడం, నీళ్ళు కొలుచుకోవడం, అంతే. మిగతాదంతా ఎవరో ఒకరు పక్కకి జరగాలి, ఎవరో ఒకరు బిందె ఎత్తాలి.

పోయిన ఆషాఢంలో అడ్డగుట్ట ఆమె ఉజ్జయిని మహంకాళికి బోనం ఎత్తుతానంది. పన్నెండేళ్ళ మొక్కు, ఏ ఏడూ మానలేదు. లష్కర్ బోనాలు ఆదివారం. మాకు శనివారం తర్వాత మళ్ళీ మంగళవారమే డయాలిసిస్. వారంలో అదే పొడుగు విరామం, ఒంట్లో నీరు చేరి గుండె అలిసిపోయేది అప్పుడే. జనరల్ బజారు తోపులాటలో చేతికి దెబ్బ తగిలితే అంతే. డాక్టరు వద్దన్నాడు. "నేను అడుగలే సార్, చెప్పిన" అంది. మూడో మంచం ఆమె కూతురు ఎడమ పక్కన నడిచేటట్టు, బోనం కుడిచేత్తోనే పట్టుకునేటట్టు, మధ్యలో ఒకచోట కూర్చునేటట్టు మేం నలుగురం శనివారం నాలుగు గంటలు కూర్చుని, కాదు, పడుకుని, పథకం వేశాం. నాకు బోనం మొక్కు లేదు, నమ్మకమూ లేదు. అయినా ఆ నాలుగు గంటలు ఎంత తొందరగా గడిచాయో! మంగళవారం బరువు చూస్తే మామూలుకన్నా పావుకిలో తక్కువే పెరిగింది. నీళ్ళు ముట్టలేదట. పసుపు మాత్రం మెడనిండా ఉంది, సిస్టర్ తుడిచి తుడిచి విసుక్కుంది.

ఆ పథకం వేస్తున్నప్పుడే పూటల సంగతి బయటపడింది. మా కేంద్రంలో రోజుకి మూడు పూటలు. పొద్దున ఆరింటి పూట మంచిది, పదిన్నరకల్లా అయిపోతుంది, రోజంతా మిగులుతుంది. ఆ పూటలో ఒక్క ఆడమనిషి లేదు. ఎందుకంటే ఆరింటికి ఎవరింట్లోనూ వంట కాదు. ఇంటిపని చక్కబెట్టుకుని మధ్యాహ్నం పూటకి మేమొస్తాం, చివరి పూటకి వచ్చేవాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకి చీకట్లో బస్సు కోసం నిలబడతారు. ఇదేదో రూలు కాదు. మగవాళ్ళకి ఉద్యోగాలున్నాయని వాళ్ళడిగారు, మేమడగలేదు, అలా సర్దుకుపోయింది. తెల్లకాగితం మీద నేను రాశాను. చివరి పూట ఆడవాళ్ళు కూడా సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. రైల్వే ఆయన భార్య పెట్టనంది, పెట్టకపోయినా చదివింది. పొద్దున పూటలో సగం మంచాలు అడిగాం. ఆర్నెల్లు తిరగ్గా మూడిచ్చారు. ఒకటి నేను వద్దన్నాను, నాకు లిఫ్టూ పెన్షనూ ఉన్నాయి కదా. ఒకటి చివరి పూటలో వస్తున్న ఒక ముసలావిడకి, రెండోది మూడో మంచం ఆమెకి, మూడోది అడ్డగుట్ట ఆమెకి వచ్చాయి.

ఇప్పుడు ఆమె తెల్లవారుజామున అయిదింటికి ఇంట్లోంచి బయల్దేరుతోంది. అన్నం ఆమె మొగుడే వండుతున్నాడట. నల్లా వచ్చే రోజు బిందెలు పెద్దపిల్లాడు పడుతున్నాడు. కూర మాత్రం కర్రీ పాయింటు నుంచి తెస్తున్నాడు, ఉప్పూ కారం దట్టించింది. దానిమీద ఆ ఇంట్లో ఇంకో పోట్లాట నడుస్తోంది. గురువారం మంచాలు మారే సమయంలో రెండు నిమిషాలు దొరుకుతుంది, అప్పుడు నాకు చెప్తుంది ఎంతదాకా వచ్చిందో.